రామతీర్థం ఆరామతీర్థమేనా? మన ఊరి పేర్లలో బౌద్ధం జాడలు

మీ అమ్మమ్మగారి ఊరు నెల్లిమర్ల దగ్గరని, రామతీర్థం అసలు పేరు "ఆరామతీర్థం" అని, అంటే బౌద్ధ భిక్షువులుండే ఆరామం వల్ల వచ్చిందని ఈమధ్య ఎవరో చెప్పగా విన్నారని రాశారు. సంగాం "సంఘం" (భిక్షువుల సమూహం) నుంచి, దంతపురం బుద్ధుని దంతం నుంచి, శాలిహుండం ధాతువుల (అస్థికల) పెట్టె నుంచి వచ్చాయంటున్న మాటల్లో నిజమెంత అని అడిగారు. చివరగా మీ పొలం పక్కనున్న "ఇటుకల మెట్ట" గురించి కూడా అడిగారు. నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. సెలవు దొరికినప్పుడల్లా రాగిరేకు శాసనాల్లోని ఊళ్లను నేల మీద వెతుక్కుంటూ వంశధార, నాగావళి ఒడ్డుల వెంట తిరిగాను. ఆ తిరుగుళ్లలో నేర్చుకున్నదాన్ని బట్టి మీకు జవాబు రాస్తున్నాను.

ముందు రామతీర్థం సంగతే చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో మనం ఎక్కడ పొరబడతామో అంతా ఆ ఒక్కచోటే కనిపిస్తుంది. అక్కడ పక్కపక్కనే ఉన్న కొండల్లో ఒకదాని పేరు బోధికొండ, ఇంకొకదాని పేరు గురుభక్తులకొండ. పేర్లు మాత్రమే చేతిలో పెట్టి బౌద్ధ క్షేత్రం ఏదో చెప్పమంటే ఎవరైనా తడుముకోకుండా బోధికొండ అనే అంటారు. కానీ బోధికొండ గుహల్లో కనిపించేవి జైన తీర్థంకరుల ప్రతిమలు. స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల వరుసలు ఉన్నవి గురుభక్తులకొండ మీద. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే అక్కడ తవ్వించినప్పుడు మట్టి ముద్రలు దొరికాయి. వాటి మీద ప్రాకృతంలో "సిరి శివమక విజయరాజ సెలసంఘస" అని ఉంది. "సెల" అంటే శైలం, అంటే కొండ. శివమక విజయరాజు పేరు ముందు పెట్టుకున్న ఆ శైలసంఘానివే ఆ ముద్రలు. అమరావతి శాసనంలో కనిపించే శివమకసద అనే రాజు పేరుతో దీన్ని పోల్చి చూస్తారు. ఆ కొండ మీద బతికిన భిక్షువులు తమ సంఘాన్ని ఏమని పిలుచుకున్నారో వాళ్ల ముద్రే చెబుతోంది కనుక ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. అయితే ఆ పేరులో ఒక్క అక్షరం కూడా నేటి ఊరి పేరులోకి గాని, కొండ పేరులోకి గాని దిగలేదు.

ఇక "ఆరామతీర్థం" మాట. అక్కడి గుహలోనే తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు శాసనం ఉంది. ఆయన పాలించింది 1011 నుంచి 1018 వరకు. దేశిగణమనే జైన శాఖకు చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు భక్తితో ఆ కొండకు మొక్కిన విషయం అందులో చెప్పారు. ఆ శాసనం కొండను "రామకొండ" అంటోంది. అంటే వెయ్యేళ్ల క్రితమే అక్కడి పేరులో మొదటి అక్షరం "రా". దానికి ముందు "ఆ" ఉండి రాలిపోయిందని చెప్పాలంటే అంతకన్నా పాత రాత ఒకటైనా చూపించాలి. పోనీ, ధ్వని మార్పుల లెక్క ప్రకారమైనా కుదురుతుందా అంటే అదీ కుదరదు. తెలుగులో మాట మొదటి అచ్చు జారిపోవడం ఉన్నది నిజమే. "ఉరల్" రోలు అయింది, "ఇరండు" రెండు అయింది. కానీ జారిపోయినవి హ్రస్వాచ్చులు, అదీ దేశ్య పదాల్లో. సంస్కృతం నుంచి తెచ్చుకున్న "ఆరామం" లాంటి మాటలో దీర్ఘమైన "ఆ" ఊరికే రాలిపోదు. ఆ మాట తోట అన్న అర్థంలో ఆకారంతో సహా నేటికీ మన భాషలో నిలిచే ఉంది. కాబట్టి రామతీర్థంలో బౌద్ధం ఉందన్నది తిరుగులేని నిజం. రామతీర్థం అన్న పేరులో బౌద్ధం ఉందన్నది మాత్రం నేను ఒప్పుకోలేని మాట. ఈ రెండూ వేరువేరు సంగతులని మొదట మనసులో పెట్టుకుంటే మిగిలినవన్నీ తేలికపడతాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో నేను చాలాకాలం ఆలోచించాను. ఊరి పేరును నిలబెట్టేది రాజులు గాని సన్యాసులు గాని కాదు, ఆ ఊళ్లో తరతరాలుగా కాపురముండి పొలం దున్నేవాళ్లు, శిస్తు కట్టేవాళ్లు. శ్రీకాకుళం పక్కనున్న రాగోలు ఇందుకు మంచి ఉదాహరణ. కళింగాన్ని ఏలిన మాఠర వంశపు శక్తివర్మ రాగిరేకులు ఆ ఊళ్లోనే దొరికాయి, వాటిలో దానమిచ్చిన గ్రామం పేరు "రాకలువ". అచ్చుల మధ్య "క" పలుచబడి "గ" కావడం, చివరి "అలువ" ముడుచుకుని "ఓలు" కావడం తెలుగులో అలవాటైన మార్పులే. పదిహేను వందల ఏళ్లపాటు ఎంతమంది రాజులు మారినా, కళింగ మాఠరుల నుంచి గాంగులకు, వాళ్ల నుంచి గజపతులకు, నవాబులకు, జమీందార్లకు చేతులు మారినా, ఆ ఊరివాళ్లు తమ ఊరిని అదే పేరుతో పిలుచుకుంటూ వచ్చారు. మధ్యలో ఒక్క తరం కూడా ఆ మాట మరిచిపోలేదు.

కొండమీది ఆరామానికి ఆ భాగ్యం లేదు. అక్కడ ఉన్నవాళ్లకు పిల్లలు లేరు, వానాకాలం గడిపి వెళ్లే భిక్షువులే వాళ్లు. దానాలు ఆగి సంఘం చెదిరిపోయాక ఆ పేరును పలికే నోరు అక్కడ మిగల్లేదు. కొన్ని వందల ఏళ్ల తరవాత మేకలు తోలుకుని కొండెక్కిన కాపరులు తమ కళ్లకు కనిపించినదాన్ని బట్టి కొత్తగా పేరు పెట్టారు. భీమిలి దారిలోని తొట్లకొండకు ఆ పేరు బండలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది, బావికొండకు బావుల వల్ల. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ పక్కనే ఏకశిలా స్తూపాలు గుంపులుగా ఉన్న గుట్టను లింగాలమెట్ట అంటారు, ఎందుకంటే చూసేవాళ్లకు అవి శివలింగాల్లా కనబడ్డాయి. కృష్ణ ఒడ్డున అమరావతి మహాచైత్యం పూడిపోయి మట్టిగుట్టగా మిగిలినప్పుడు జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. ఈ పేర్లలో "బుద్ధ" లేదు, "సంఘ" లేదు, "చైత్య" లేదు, అయినా నా దృష్టిలో అసలైన జాడ చెప్పేవి ఇవే. తొట్టి, బావి, ఇటుక, దిబ్బ, మెట్ట, లింగాలు, దీపాలు, గురువులు, పాండవులు, సన్యాసులు, ఇలాంటి మాటలున్న గుట్ట పేరు ఎక్కడ వినిపించినా ఒకసారి ఎక్కి చూడటం నాకు అలవాటు. పదిసార్లు ఎక్కితే ఎనిమిదిసార్లు ఏమీ ఉండదు. ఆ మిగిలిన రెండుసార్ల కోసమే ఎక్కుతాం.

సంగాం విషయంలో నాకు అనుమానం లేదు. వంగర మండలంలో నాగావళి, సువర్ణముఖి, వేగవతి కలిసే చోట ఆ ఊరు ఉంది, అక్కడ వెలసిన స్వామి సంగమేశ్వరుడు. "సంగమం" మన ప్రాంతపు ఉచ్చారణలో "సంగాం" అయింది. రాజాం లాంటి పేర్లలోనూ చివర "ఆం" వినబడుతుంది, అది ఉత్తరాంధ్ర నాలుక తీరు. మూడు నదులు కళ్ల ముందే కలుస్తుంటే వాటిని వదిలి సంఘం కోసం వెతకనక్కరలేదు. దీనికి ఎదురుగా అనకాపల్లి దగ్గరి శంకరాన్ని పెట్టి చూడండి. ఆ ఊరి పేరు "సంఘారామం" నుంచి వచ్చిందని చాలామంది పండితులు ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ధ్వనిని బట్టి కాదు. "సింహం" సింగం అయినట్టే "సంఘం" తెలుగు నోట్లో "సంగం" కావాలి, అందులోని "ఘ" శంకరంలో "క" కావడం మామూలు మార్పు కాదు, బహుశా శంకరుడి పేరు ఆ మాటను తనవైపు లాగి ఉంటుంది. నేను ఆ వ్యుత్పత్తిని నమ్మేది ఊరికి ఆనుకునే గుహలు, స్తూపాలు, విహారాలు ఉన్నందువల్ల, కొండ కింద ఊరు ఎప్పుడూ ఖాళీ కానందువల్ల. నేల మద్దతు ఉంటే ధ్వనిలో చిన్న తేడాను సహించవచ్చు. నేల మద్దతు లేకపోతే ధ్వని అచ్చంగా సరిపోయినా పక్కన పెట్టాలి.

ధ్వని అచ్చంగా సరిపోయి మోసం చేసిన పేరు నిజామాబాదు వైపు ఒకటుంది. బోధన్ అనగానే బోధి గుర్తుకొస్తుంది. కానీ ఆ ఊరిని సాధారణంగా అస్సకులనే ప్రాచీన జనపదంవాళ్ల రాజధాని పోతనగా గుర్తిస్తారు. తరవాతి రూపాలు పోదన, పౌదన్యపురం. వరుస మొత్తం తెలియకపోతే ఎంత తెలివైనవాడైనా అక్కడ జారిపడతాడు. ఈ పోతన పేరు వచ్చే పాళీ బౌద్ధ సూత్రంలోనే, దీఘనికాయంలోని మహాగోవింద సుత్తంలో, మన దంతపురం పేరు కూడా వస్తుంది. మీరు అడిగిన పేర్లలో అన్నిటికన్నా చిక్కైనది, నాకు అన్నిటికన్నా ప్రీతిపాత్రమైనది అదే.

సరుబుజ్జిలి మండలంలో రొట్టవలస దగ్గర మట్టికట్టల మధ్య ఉన్న పాత కోటను చుట్టుపక్కలవాళ్లు దంతవక్త్రుని కోట అంటారు, దంతవరపుకోట అని కూడా అంటారు. కృష్ణుడి చేతిలో చచ్చిన దంతవక్త్రుడు ఇక్కడే ఉండేవాడని కథ. పురాణాల్లో ఆ దంతవక్త్రుడు కరూశ దేశపు రాజు, కళింగానికి సంబంధించినవాడు కాడు. అంటే "దంత" అన్న మాట ముందే అక్కడ ఉంది, దాని అర్థం మరిచిపోయాక తెలిసిన కథల్లోంచి సరిపోయే పేరున్న మనిషిని జనం తెచ్చి కూర్చోబెట్టారు. ఇదే కథ మనకు బాగా పనికొచ్చే సాక్ష్యం. ఎందుకంటే ఏ పండితుడూ వచ్చి చెప్పకుండానే "దంత" అన్న ముక్క ఆ పల్లెల్లో నిలిచి ఉందని దీనివల్ల తెలుస్తోంది. టెక్కలి దగ్గర జిర్జింగిలో దొరికిన గాంగ ఇంద్రవర్మ రాగిరేకులు దంతపురం నుంచే జారీ అయ్యాయి. అవి గాంగ శకం 39వ ఏటివి, అంటే సుమారు 537. ఆరో శతాబ్దంలో ఈ నాట దంతపురమనే రాజధాని ఉండేదనడానికి అది చాలు. పూరీ అని, పాలూరు అని, బెంగాల్లోని దంతన్ అని వేరే వాదాలూ ఉన్నాయి. బుద్ధుని కాలపు దంతపురమూ గాంగుల దంతపురమూ ఒకటేనా అన్న చర్చలో పెద్దవాళ్లే రెండు వైపులా ఉన్నారు. నా మొగ్గు మన కోటవైపే, అది శాసనం ఇచ్చిన ధైర్యం.

మరి పేరు బుద్ధుని దంతం వల్ల వచ్చిందా? బౌద్ధ కథ ఇలా ఉంది: బుద్ధుని పరినిర్వాణం తరవాత ఒక దంతధాతువు కళింగానికి చేరింది, బ్రహ్మదత్తుడనే రాజు దానికి గుడి కట్టాడు. ఎన్నో తరాల తరవాత గుహశివుడనే రాజు యుద్ధానికి వెళుతూ కూతురు హేమమాలకు, అల్లుడు దంతకుమారుడికి దాన్ని అప్పగించాడు. హేమమాల ఆ ధాతువును జుట్టులో దాచుకుని ఓడెక్కి సింహళానికి చేర్చింది. అప్పుడు అక్కడ పాలిస్తున్నవాడు సిరిమేఘవర్ణుడు, నాలుగో శతాబ్దపు రాజు. పదమూడో శతాబ్దంలో పాళీలో కూర్చిన దాఠావంశం ఈ కథను విస్తరించి చెబుతుంది. ఈ రోజు శ్రీలంకలోని క్యాండీలో పూజలందుకుంటున్నది ఆ ధాతువేనని సింహళీయుల విశ్వాసం. వంశధార ఒడ్డున నిలబడి ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, దాచుకోను. అయినా పేరు విషయంలో ఆ కథను ఆధారంగా తీసుకోలేను, తీసుకోవద్దని బౌద్ధ గ్రంథాలే చెబుతున్నాయి. మహాగోవింద సుత్తంలో కళింగుల పట్టణంగా దంతపురం పేరు వచ్చేది బుద్ధుడు పుట్టడానికి ఎంతో ముందు జరిగినట్టు చెప్పిన కథలో. జాతక కథల్లోనూ అంతే, బోధిసత్త్వుడి పూర్వజన్మల్లోనే కళింగ రాజు దంతపురంలో ఉంటాడు. అంటే దంతధాతువు రాకముందే ఊరికి ఆ పేరు ఉన్నట్టు బౌద్ధులే తలచారు. "దంతం" అంటే ఏనుగు దంతం కూడా. కళింగం ఏనుగులకు పేరుపడ్డ దేశం. దంతపు పనివాళ్ల వల్లనో, దంతపు వ్యాపారం వల్లనో ఆ పేరు వచ్చిందనడం నాకు ఎక్కువ సహజంగా తోస్తుంది. పేరు ముందు ఉండి, ఆ పేరే దంతధాతువు కథను తనవైపు పిలుచుకుని ఉంటుంది. తరవాత అదే పేరు దంతవక్త్రుణ్ణి కూడా పిలుచుకుంది.

శాలిహుండం గురించి క్లుప్తంగా చెబుతాను. గార మండలంలో వంశధార కుడి ఒడ్డున ఉన్న ఆ కొండను 1919లో గిడుగు వెంకట రామమూర్తిగారు వెలుగులోకి తెచ్చారు. స్తూపాలు, చైత్యగృహాలు, ధాతు కరండాలు (ధాతువులుంచే భరిణెలు), బౌద్ధ దేవతలైన తార, మారీచి ప్రతిమలు అక్కడ బయటపడ్డాయి. థేరవాదం మొదలు వజ్రయానం దాకా బౌద్ధంలోని అన్ని దశలూ ఆ ఒక్క కొండ మీద మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. పేరును "శాలివాటిక" అని, అంటే వరి ధాన్యపు చోటని, "శల్యపేటిక" అని, అంటే ఎముకల పెట్టె అని రెండు విధాలుగా వివరిస్తారు. "వాటిక" తెలుగులో "వాడ" అవుతుంది, "పేటిక" పెట్టె అవుతుంది. రెండింటిలో ఏదీ "హుండం" కాదు. మొదటి సగం "శాలి" అంటే వరి అన్నది మాత్రం ఆ నేలకు నప్పుతుంది. కొండ మీద నిలబడితే ఒకవైపు వంశధార మాగాణి, మరోవైపు కళింగపట్నం సముద్రం కనిపిస్తాయి. అందువల్ల ధాతువుల పెట్టె అన్న అర్థం, అక్కడ కరండాలు దొరికాక వెనక్కి వెళ్లి అల్లినదిగానే నాకు కనిపిస్తుంది.

గిడుగు వారి పేరు వచ్చింది కనుక ఒక మాట చెప్పాలి. మనం వ్యావహారిక భాష కోసం తలుచుకునే ఆ మహానుభావుడే ఊరి పేర్ల విషయంలో మనకు మొదటి గురువు. గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడ అన్న ప్రశ్నకు, పేరు పోలికను బట్టి కళింగపట్నమేనని కొందరు పండితులు అనుకునేవారు. రామమూర్తిగారు ముఖలింగం వెళ్లి, పాత లిపులు తనంత తాను నేర్చుకుని, ఆలయాల రాళ్ల మీది శాసనాలు ఒక్కొక్కటిగా చదివి, కళింగనగరం ముఖలింగమేనని పందొమ్మిదో శతాబ్దం చివర్లో చూపించారు. రెండు ఊళ్లూ వంశధార మీదివే, ఒకటి ఎగువన, ఇంకొకటి సముద్రపు మొగలో. కళింగమన్న పేరు అచ్చంగా నిలుపుకున్న ఊరు రాజధాని కాదు. రాజధాని అయిన ఊరు ఆ పేరును వదిలేసి శివుడి పేరు తగిలించుకుంది.

సింగుపురం గురించి మీరు అడగలేదు గాని, దంతపురంతో పాటు దాన్నీ కలిపేవాళ్లు ఉంటారు కనుక రాస్తున్నాను. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట దారిలోని ఆ ఊరు మాఠరుల శాసనాల్లోని సింహపురమేనని గుర్తించారు. "సింహ" సింగ కావడం నిఖార్సయిన తద్భవం. పన్నెండో శతాబ్దంలో సింహళంలోని పొలొన్నరువను ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నాడు. సింహళంతో బంధుత్వం దానివల్ల తెలుస్తుంది. కానీ సింహం శాక్యసింహుడే, అంటే బుద్ధుడే కానక్కరలేదు, రాజులకు ఇష్టమైన మృగం అది. మాఠరులదే ఇంకొక పట్టణం పేరు వర్ధమానపురం, అంతమాత్రాన అది మహావీరుడి పేరని అనలేం, వృద్ధి పొందే ఊరు అన్న అర్థం చాలు. "వలస"తో ముగిసే పేర్లనైతే, ఆమదాలవలస మొదలు రొట్టవలస దాకా, ఈ వెతుకులాటలో మొదటే పక్కన పెట్టవచ్చు. అవి తరవాతి కాలంలో కదిలివచ్చి కాపురం పెట్టినవాళ్ల ఊళ్లు. కొండల అంచున ఉన్న పేర్లకు సంస్కృతంలో అర్థం వెతికేముందు సవర భాష తెలిసినవాళ్లను అడగండి. సవర భాషకు నిఘంటువు కూర్చింది కూడా గిడుగు వారే.

ఇక మీ ఇటుకల మెట్ట. మీరు రాసిన నాలుగు పేర్లకన్నా నాకు ఆశ కలిగించింది ఇదే. ముందు మీ ఊరి వీఆర్వో దగ్గర పాత గ్రామ నక్షాలో ఆ సర్వే నంబరు పక్కన ఏ పేరు రాసి ఉందో చూడండి. ఆ తరవాత ఆ గట్టున డెబ్బై ఏళ్లు దాటిన ఆడవాళ్లను అడగండి. కలుపుకు వెళ్లేవాళ్లకు ప్రతి చెక్క పేరూ తెలుస్తుంది, మగవాళ్లు ఊరి పేరే చెబుతారు. మెట్ట మీద ఇటుక కనిపిస్తే దాని పొడవు, వెడల్పు, మందం మూడూ కొలిచి రాసుకోండి. నేను ఒకసారి ఒక ఊళ్లో తులసికోట కింద అలాంటి ఇటుక చూశాను. మూరెడు పొడవు, జానెడు దాటిన వెడల్పు, విరిగిన అంచులో వరి ఊక కాలిపోయిన సన్నని గాడులు, పైముఖం మీద తడిమట్టిలో ఎవరో మూడు వేళ్లతో లాగిన గీతలు. ఈ కాలపు బట్టీ ఇటుక దాని పక్కన పెడితే మూడో వంతు కూడా లేదు. ఆ ఇంటి ముసలమ్మ "మా అత్తగారు మెట్ట మీంచి తెచ్చింది బాబూ, ఆ ఇటికి పిడుగు పడినా పగలదు" అంది. మీకూ అలాంటిది కనిపిస్తే ఫొటో తీసి, ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, ఇటుకను మాత్రం ఉన్నచోటే ఉంచి, మండల తహసీల్దారుకు, రాష్ట్ర పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. కొలతలు, నక్షాలోని పేరు నాకూ పంపితే, శాసనాల్లోని ఊళ్ల జాబితాతో నేను పోల్చి చూస్తాను.